నీళ్ల కుళాయి దగ్గర నీతి పాఠం

గాంధీ రాజ్‌కోట్ హైస్కూల్లో చేరిన మొదటి ఏడాది ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చి పిల్లలకు ఐదు ఇంగ్లిష్ పదాలు చెప్పి రాయమన్నాడు. 'కెటిల్' దగ్గర గాంధీ స్పెల్లింగ్ తప్పాడు. పక్కవాడి పలక చూసి దిద్దుకోలేదు. తెలుగు పిల్లలు ఈ సంగతిని తరతరాలుగా నీతికథగా వింటున్నారు. అయితే కథ చెప్పేవాళ్లు తరచూ దాటేసే ముక్క ఒకటుంది. పక్కపలక చూడమని బూటు కొనతో పొడిచి సైగ చేసింది స్వయానా క్లాసు మాస్టారే. మిగతా పిల్లలందరికీ ఐదు పదాలూ సరిగ్గా వచ్చాయని, తానొక్కడే తెలివితక్కువవాడిగా మిగిలానని, ఆ తెలివితక్కువతనాన్ని మాస్టారు తర్వాత తనకు బోధపరచబోయారని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. ఇన్‌స్పెక్టర్ ముందు బడి పరువు నిలబెట్టడమే ఆ రోజు అసలు పరీక్ష. పిల్లలకు ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ బూటు కొన ఇంకా అరగలేదు. 2022 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2023 ఏప్రిల్‌లో తెలంగాణలోనూ పదో తరగతి పరీక్ష మొదలైన కాసేపటికే ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. రెండు చోట్లా పోలీసులు అరెస్టు చేసినవారిలో ఉపాధ్యాయులున్నారు. చట్టం లేక ఇది జరిగిందనడానికి వీల్లేదు. పరీక్షల్లో అక్రమాల నివారణకు ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం చేశారు. స్క్వాడ్లు తిరుగుతూనే ఉన్నాయి, సీసీ కెమెరాలు పెరుగుతూనే ఉన్నాయి.

మరోవైపు విలువల విద్య మీద ప్రభుత్వాల శ్రద్ధ పెరిగింది. 2020 జాతీయ విద్యావిధానం పంచతంత్రం, జాతక కథలు, హితోపదేశం పిల్లల చేత చదివించాలంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. పిల్లలకు మంచి మాట చెప్పేవాళ్లు ఉండాలి. వేమన పద్యం, సుమతీ శతకం రాని బాల్యం తెలుగునాట పేద బాల్యమే. కానీ మంచి మాట విన్న పిల్లవాడు ఆ పీరియడ్ అయ్యాక వెళ్లి కూర్చునే తరగతి గది ఎలా నడుస్తోందన్నది వేరే ప్రశ్న. రోజుకు ఏడు పీరియడ్ల పాటు ఆ గది ఒక నీతిని నేర్పుతూనే ఉంటుంది. విలువల పీరియడ్ చెప్పే నీతి, గది నేర్పే నీతి ఎదురెదురుగా నిలబడితే గెలిచేది గదే.

దీనికి దాదాపు వందేళ్ల నాటి సాక్ష్యం ఉంది. 1920లలో అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పరిశోధకులు పది వేల మందికి పైగా బడిపిల్లలను పరీక్షించారు. సొంత జవాబుపత్రం తామే దిద్దుకునే అవకాశం ఇచ్చారు, ఎవరూ చూడనప్పుడు నాణేలు చేతికి అందేలా పెట్టారు, ఆటల్లో తమ స్కోరు తామే చెప్పుకోనిచ్చారు. 1928 నుంచి 1930 దాకా మూడు సంపుటాలుగా వెలువడిన ఫలితాలు నీతిబోధకులకు మింగుడుపడలేదు. ఒకచోట మోసం చేసిన పిల్లవాడు మరోచోట నిజాయితీగా ఉన్నాడు. ఏది తప్పో ఏది ఒప్పో బాగా చెప్పగలిగిన పిల్లలు అలాగే నడుచుకుంటారన్న భరోసా కనిపించలేదు. టీచరుకూ పిల్లలకూ మధ్య స్నేహం, సహకారం ఉన్న తరగతుల్లో మాత్రం మోసం తక్కువగా కనిపించింది. నిజాయితీ పిల్లవాడి లోపల ఎంత ఉంటుందో, అతను కూర్చున్న గదిలోనూ అంత ఉంటుందన్నమాట.

మరి మన గదులు ఏ సరుకుతో నడుస్తున్నాయి? చిన్న తరగతుల్లో చేతి మీద స్టార్లు, పుస్తకంలో స్మైలీలు. పెద్ద తరగతుల్లో ర్యాంకులు, ఫ్లెక్సీలు. మాట వినకపోతే జరిమానా, గోడకుర్చీ, గుంజీలు. టీచర్ బయటికి వెళ్లినప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే క్లాస్ లీడర్. ఆ లీడర్ చేత తన పేరు తుడిపించుకోవడానికి ఒక చాక్లెట్ చాలని మూడో తరగతి పిల్లలకు తెలుసు. పౌరనీతి పుస్తకంలో లేని పాలనాశాస్త్రం అక్కడ మొదలవుతుంది.

బహుమతిని అందరూ నిరపాయమైన సాధనం అనుకుంటారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆవరణలోని నర్సరీ బడిలో మార్క్ లెపర్, అతని సహచరులు చేసి 1973లో ప్రచురించిన ప్రయోగం ఆ నమ్మకాన్ని కదిలించింది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను మూడు జట్లు చేశారు. బొమ్మ గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ఒక జట్టుకు ముందే చెప్పారు. రెండో జట్టుకు ముందు చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. వారం, రెండు వారాల తర్వాత అవే పెన్నులు మామూలుగా బల్ల మీద పెట్టి, ఎవరు వాటి జోలికి ఎంతసేపు వెళ్తారో గమనించారు. ముందుగా బేరం కుదుర్చుకున్న జట్టు బొమ్మల మీద పెట్టిన సమయం మిగతా పిల్లలు పెట్టినదాంట్లో సుమారు సగమే. సర్టిఫికెట్ రాకముందు అది ఆట. వచ్చాక కూలి పని. కూలి ఆగింది, పనీ తగ్గింది.

దీన్నుంచి బహుమతులన్నీ విషమని తేల్చడం తొందరపాటు. ముందు చెప్పకుండా ఇచ్చిన మెచ్చుకోలు హాని చేయలేదని అదే ప్రయోగం చెప్పింది. అసలు ఆసక్తే లేని పనిని మొదలుపెట్టించడానికి చిన్న ప్రోత్సాహకం కొన్నిసార్లు ఉపయోగపడుతుంది. ఆర్థికవేత్త రోలండ్ ఫ్రయర్ అమెరికా నగరాల బడుల్లో పిల్లలకు నేరుగా డబ్బు ఇచ్చి చూశారు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు డబ్బు కట్టినా మార్కులు కదల్లేదు. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు చదివిన ఒక్కో పుస్తకానికి రెండు డాలర్లిస్తే చదివి అర్థం చేసుకునే శక్తి కొంత మెరుగైంది. పుస్తకం చదవడం పిల్లవాడి చేతిలో ఉన్న పని. మార్కు ఎలా పెరుగుతుందో తెలియని పిల్లవాడి ముందు డబ్బు ఊపి లాభం లేదు. మన కార్పొరేట్ బడుల ప్రకటనలు పిల్లల ముందు ఊపేది సరిగ్గా ఆ మార్కునే.

పొగడ్త సంగతి ఇంకా సూక్ష్మం. 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిళ్లిచ్చారు. బాగా చేశాక కొందరిని 'చాలా తెలివైనవాడివి' అన్నారు, కొందరిని 'బాగా కష్టపడ్డావు' అన్నారు. తర్వాత కావాలనే కఠినమైన పజిళ్లిచ్చి ఓడిపోనిచ్చారు. చివర్లో, మరో బడిలోని ముక్కూమొహం తెలియని పిల్లలకు ఈ పజిళ్ల గురించి చెబుతూ తమ స్కోరు రాయమన్నారు. తెలివిని పొగిడించుకున్న పిల్లల్లో నూటికి దాదాపు నలభై మంది తమ స్కోరును పెంచి రాశారు. కష్టాన్ని మెచ్చుకున్న జట్టులో అలా రాసినవాళ్లు అందులో సగం కూడా లేరు. డ్వెక్ సిద్ధాంతాన్ని బడుల్లో కార్యక్రమాలుగా అమలు చేసినప్పుడు మార్కుల మీద దాని ప్రభావం మొదట ఆశించినంత పెద్దది కాదని తర్వాతి సమీక్షలు తేల్చిన మాట నిజమే. అయినా ఆ అబద్ధాల లెక్క తల్లిదండ్రులూ టీచర్లూ ఒకసారి ఆగి చూడవలసినది. నిలదీసేవాడు లేడు, శిక్షించేవాడు లేడు, ఎదుటివాడు జీవితంలో ఎదురుపడడు. అయినా పదేళ్ల పిల్లవాడు అబద్ధమాడాడు. అతని చేతిలో 'తెలివైనవాడు' అన్న బిరుదు పెట్టారు కనుక దాన్ని కాపాడుకున్నాడు.

చదువు మీద ఇష్టం, నడతలో నిజాయితీ రెండు వేర్వేరు శాఖలు కావని ఇక్కడ తెలుస్తుంది. ఒకటి పోయిన దారినే రెండోదీ పోతుంది. తెలుసుకోవడం కోసం చదివే పిల్లవాడికి కాపీ కొట్టి సాధించేదేమీ లేదు. చీటీ చూసి రాసిన జవాబు అతనికి ఏమీ నేర్పదు. మార్కు కోసమే చదివే పిల్లవాడికి చీటీ దగ్గరి దారి. ఆ దారి మూయడానికి గేటు దగ్గర కాపలా పెట్టవచ్చు గానీ, ఆ దారిన పోవాలన్న కోరికను పుట్టించిందెవరన్న ప్రశ్న కాపలావాడిని అడిగి లాభం లేదు.

శిక్ష కథా ఇలాంటిదే. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని డేకేర్ కేంద్రాలు పది షెకెళ్ల జరిమానా పెట్టాయి. ఆలస్యాలు తగ్గలేదు సరికదా దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆయమ్మను కూర్చోబెట్టామన్న మొహమాటం ఉండేది. ఇప్పుడు రుసుము కట్టేశారు కాబట్టి లెక్క సరిపోయింది. జరిమానా ఎత్తేశాక కూడా పోయిన మొహమాటం తిరిగి రాలేదు. ఉరి గ్నీజీ, ఆల్డో రస్టిచినీ 2000లో ప్రచురించిన ఈ అధ్యయనం పెద్దవాళ్ల గురించే అయినా, ఆలస్యానికి ఇంత, టై లేకపోతే ఇంత, తెలుగులో మాట్లాడితే ఇంత అని రేటు కట్టే బడులకు చక్కగా సరిపోతుంది. డబ్బుతో తీరే తప్పు ఇక తప్పుగా మిగలదు.

డబ్బు కంటే సిగ్గుతో కొట్టడం మరీ దారుణం. 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక బడిలో పిల్లల మెడలో 'నేనెప్పుడూ తెలుగులో మాట్లాడను' అని రాసిన పలకలు వేలాడదీసిన సంగతి రాష్ట్రమంతా చూసింది. అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 29వ సెక్షన్ పిల్లవాడికి భయం, ఆందోళన లేని చదువు అందాలంది. 'దండం దశగుణం' అనే సమాజంలో ఈ సెక్షన్లు చట్టపుస్తకం దాటి స్టాఫ్‌రూమ్ దాకా వచ్చిన సందర్భాలు తక్కువ. ఒకప్పుడు బడుల ఇన్‌స్పెక్టరుగా ఊరూరా తిరిగిన చలం 'బిడ్డల శిక్షణ' రాసి చాలా దశాబ్దాలు దాటింది. ఆయన కోపం ఇప్పటికీ చెల్లుబాటులోనే ఉంది.

భయం, లాభం రెండూ వద్దంటే మిగిలేదేమిటి? గదిని పిల్లల ఇష్టానికి వదిలేయడమా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో నైతిక వికాసం మీద జీవితమంతా పనిచేసిన హార్వర్డ్ ఆచార్యుడు లారెన్స్ కోల్‌బర్గ్ ఒకరు. మొదట్లో ఆయనా తరగతిలో ధర్మసంకటాలు ఇచ్చి చర్చ పెట్టిస్తే చాలనుకున్నారు. చర్చలో తర్కం పదునెక్కింది గానీ నడతకు అది చాలలేదు. దాంతో 1974లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ప్రభుత్వ హైస్కూలు లోపలే క్లస్టర్ స్కూల్ పేరుతో చిన్న బడి మొదలైంది. ఆరేడు పదుల మంది పిల్లలు. వారం వారం సభ. టీచరుకు ఒక ఓటు, విద్యార్థికి ఒక ఓటు.

ఆ బడిలో దొంగతనాలు జరిగేవి. మొదట్లో అది పోగొట్టుకున్నవాళ్ల ఖర్మ అన్నట్టు పిల్లలు పట్టించుకోలేదు. రెండో ఏడాది ఒక అమ్మాయి పర్సులోంచి తొమ్మిది డాలర్లు పోయాయి. సభ పెట్టారు. జాగ్రత్తగా పెట్టుకోకపోవడం ఆమె తప్పన్నారు కొందరు. మన బడిలో మన మనిషి సొమ్ము పోతే అది మనందరి తప్పన్నారు ఇంకొందరు. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి, డబ్బు తిరిగి రాకపోతే తలా పదిహేను సెంట్లు వేసుకుని ఆమెకు ఇవ్వాలని తీర్మానించారు. తర్వాతి సంవత్సరాల్లో ఆ బడిలో దొంగతనాలు ఆగిపోయాయని దాన్ని దగ్గరి నుంచి చూసిన పరిశోధకులు రాశారు. ఇదే సొమ్ము పోతే మామూలు బడిలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. బ్యాగులన్నీ వెతుకుతారు, ఇద్దరు ముగ్గురి మీద అనుమానం పడుతుంది, హెచ్చెం ప్రేయర్‌లో హెచ్చరిస్తారు. దొంగ దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. మిగతా పిల్లలు మాత్రం ఆ సంగతితో తమకు సంబంధం లేదని నేర్చుకుని ఇంటికి వెళ్తారు.

ఇలాంటి నమ్మకానికి తెలుగు పాఠకులు బాగా ఎరిగిన ఉదాహరణ 'రైలుబడి'లో ఉంది. జపాన్‌లో పాత రైలుపెట్టెల్లో నడిచిన టొమోయే బడిలో చిన్నారి టోటోచాన్ తన పర్సు పాయిఖానాలో జారవిడుచుకుంటుంది. పెద్ద గరిటెతో గుంతలోని మురుగంతా తోడి బయట పోస్తుంటుంది. హెడ్‌మాస్టర్ కొబయాషి అటుగా వెళ్తూ ఏం చేస్తున్నావని అడుగుతారు. విని, పని అయ్యాక ఇదంతా మళ్లీ లోపల వేసేస్తావు కదా అంటారు. అంతే, వెళ్లిపోతారు. తిట్టలేదు, సాయానికి మనిషిని పంపలేదు. ఆ పిల్ల పర్సు దొరక్కపోయినా మొత్తం తిరిగి గుంతలో వేసింది. తెత్సుకో కురొయనాగి పెద్దయ్యాక తన చిన్ననాటి సంగతులుగా రాసిన పుస్తకమిది. ఆ హెడ్‌మాస్టర్ తనను ఒక బాధ్యతగల మనిషిగా చూశాడన్న గౌరవం ఆమెకు నలభై ఏళ్లయినా మాసిపోలేదు.

ఇవన్నీ డబ్బున్న బడుల ముచ్చట్లని, అరవై మంది ఉన్న గదిలో ఓట్లూ సభలూ సాగవని ఉపాధ్యాయులు అంటారు. అందులో న్యాయం ఉంది. సిలబస్ పూర్తిచేయాలి, ఎఫ్ఏ మార్కులు ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ల పాటు బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని కూడా టీచర్ల మెడకే చుట్టారు. ఫొటో చూస్తే తప్ప తన మాట నమ్మని పైఅధికారి కింద పనిచేసే మనిషిని, తన ముందున్న పిల్లలను నమ్మమని అడగడం సులువైన కోరిక కాదు. లోపలి నుంచి పుట్టే ఉత్సాహానికి మూడు కావాలంటారు మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్: సొంతంగా నిర్ణయించుకునే చోటు, చేయగలనన్న ధీమా, నలుగురిలో ఒకడినన్న చేరువ. పిల్లల కంటే ముందు టీచరుకే ఈ మూడూ కరువైతే గదిలోకి అవి ఎక్కడి నుంచి వస్తాయి?

అయితే ఇది డబ్బున్నవాళ్లకే సాధ్యమన్న వాదన పూర్తిగా నిలవదు. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో నడుస్తున్న రిషి వ్యాలీ బడి ర్యాంకులు, బహుమతులు, శిక్షలు లేని చదువుకు పేరుపడింది. అది ఫీజులు కట్టగల పిల్లల బడే, నిజమే. కానీ ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో పద్మనాభరావు, రమ దంపతులు నడిపించిన ఏకోపాధ్యాయ బడులు పేద పిల్లలవి. అక్కడ పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద చదువు నిచ్చెన ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో, తర్వాతి కార్డు ఏదో పిల్లవాడే చూసుకుని తెచ్చుకుంటాడు. తెలియనిది పక్కనున్న పెద్ద పిల్లను అడుగుతాడు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలుండటం అక్కడ ఇబ్బందిగా కాక వసతిగా మారింది. ఈ పద్ధతి స్ఫూర్తితోనే తమిళనాడు 2003లో చెన్నై నగరపాలక బడుల్లో కార్డుల చదువు మొదలుపెట్టి, 2007-08 నాటికి రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ తీసుకెళ్లింది. అమలులో లోటుపాట్లు లేకపోలేదు. కానీ వేలాది సర్కారు బడుల్లో పిల్లవాడు టీచర్ చెప్పేదాకా ఆగకుండా తన పని తాను తెచ్చుకోవడం సాధ్యమేనని రుజువైంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు విలువల విద్య గురించి నిజంగానే పట్టుదలగా ఉంటే, కొత్త పుస్తకం అచ్చు వేయకముందే మూడు పనులు చేయవచ్చు.

మొదటిది, విలువలకు మార్కులు పెట్టకూడదు. జపాన్ 2018లో ప్రాథమిక బడుల్లో, 2019లో జూనియర్ హైస్కూళ్లలో నైతిక విద్యను అధికారికంగా పాఠ్యాంశం చేసింది. ఆ నిర్ణయం మీద అక్కడ విమర్శలున్నాయి. అయినా ఆ సబ్జెక్టుకు అంకెల్లో గ్రేడు ఇవ్వకూడదని, టీచర్ మాటల్లోనే రాయాలని ముందే నియమం పెట్టుకున్నారు. నిజాయితీకి పదికి ఎనిమిది వేసే రోజు వస్తే దానికీ గైడు వస్తుంది, బిట్ పేపర్ వస్తుంది.

రెండోది, మామూలు సబ్జెక్టుల్లో కూడా కొన్ని పనులను మార్కు లేకుండా దిద్దాలి. రూత్ బట్లర్ ఇజ్రాయెల్ బడుల్లో చేసి 1988లో ప్రచురించిన అధ్యయనంలో, ఏం బాగుందో ఏం దిద్దుకోవాలో మాటల్లో రాసిచ్చిన పిల్లల పనితీరు మెరుగైంది, ఆసక్తీ నిలిచింది. మార్కు ఒక్కటే ఇచ్చినవాళ్లలో అది జరగలేదు. మార్కూ వ్యాఖ్యా రెండూ ఇస్తే ఫలితం మార్కు ఒక్కటే ఇచ్చినట్టుగానే వచ్చింది. అంకె కనబడ్డాక మాటలు ఎవరికి కావాలి? వారానికి ఒక హోంవర్కు, నెలకు ఒక స్లిప్ టెస్ట్ ఇలా దిద్దితే సిలబస్ ఏమీ కుంటుపడదు.

మూడోది, వారానికి ఒక పీరియడ్ తరగతి సభకు ఇవ్వాలి. విలువల మీద ఉపన్యాసానికి కేటాయించిన సమయాన్నే ఇలా వాడుకోవచ్చు. అరవై మందీ ఒకేసారి మాట్లాడలేకపోతే పదేసి మంది జట్లుగా మాట్లాడుకుని ఒక్కొక్కరిని పంపుతారు. అధ్యక్షత వంతుల వారీగా తిరగాలి, ఎప్పుడూ ఫస్ట్ వచ్చే పిల్లకే దక్కకూడదు. తరగతి నిర్ణయించగల విషయాలే సభ ముందుకు రావాలి. నిర్ణయించిన తర్వాత అది అమలు కావాలి. ఓటేసిన తీర్మానాన్ని హెచ్చెం సాయంత్రానికి కొట్టిపారేస్తే పిల్లలు ప్రజాస్వామ్యం గురించి వేరే పాఠం నేర్చుకుంటారు. ఈ సభ నడిపే ఒడుపు డైట్ కళాశాలల్లో కాబోయే టీచర్లకు నేర్పాలి. ఛాత్రోపాధ్యాయులు వాళ్ల తరగతిలోనే ముందు అలాంటి సభ నడుపుకుంటే ఇంకా మంచిది.

సభలో మాట్లాడుకోవడానికి విషయాలు దొరకవేమో అన్న బెంగ అక్కర్లేదు. నీళ్ల కుళాయి దగ్గర పెద్ద తరగతివాళ్లు చిన్నవాళ్లను తోసేస్తున్నారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు కొందరికి రెండుసార్లు వస్తోంది. సెలవు పెట్టినవాళ్లకు నోట్సు ఎవరూ ఇవ్వడం లేదు. ఊడ్చే వంతు ఎప్పుడూ ఆడపిల్లలదే అవుతోంది. గత వారం లెక్కల స్లిప్ టెస్ట్‌లో సగం మంది పక్కవాడిది చూసి రాశారు, ఆ సంగతి టీచరుకూ తెలుసు. జూన్‌లో బడి తెరిచిన మొదటి నెలకు ఈ ఎజెండా సరిపోతుంది.